గట్టున నిలిచిన తోడు

పడవ పందెంలో గెలుపు తెడ్డు వేసేవారి భుజబలంపైననే ఆధారపడి ఉంటుందని సాధారణంగా భావిస్తాం. కాని సుదూర పందేలలో గట్టున నిలిచి సాయపడేవారి వివేకం కూడా అంతే ముఖ్యం. ఇంగ్లాండులోని డివైజెస్ – వెస్ట్‌మినిస్టర్ పందెం ఇందుకు చక్కని నిదర్శనం.

1948లో డివైజెస్ పట్టణపు స్కౌటు యువకులు నలుగురు ఒక సవాలును స్వీకరించారు. తమ ఆహారాన్ని, గుడారాలను తామే మోసుకుపోతూ 100 గంటలలోపు లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ వంతెనను చేరాలన్నది ఆ సవాలు. వారు 90 గంటలలోపే చేరారు. అదే ఈస్టర్ సెలవుల పందెంగా రూపుదిద్దుకొన్నది. తరువాతి కాలంలో గట్టు నుండి సాయం పొందే పద్ధతి నెలకొన్నది.

ఈ మార్గం పొడవు 125 మైళ్ళు, అంటే సుమారు 201 కిలోమీటర్లు. పడవలు మొదట కెనెట్ – ఏవన్ కాలువలో సాగి, రెడింగ్ వద్ద థేమ్స్ నదిలో ప్రవేశిస్తాయి. దారిలో 77 చోట్ల పడవను పైకెత్తి, భుజాన మోస్తూ పరుగెత్తి, మళ్ళీ నీటిలోకి దింపాలి. వీటిలో అధికభాగం మన గోదావరి డెల్టా కాలువలపై కనిపించే లాకుల వంటివే. ఇద్దరు నడిపే పడవల ప్రధాన విభాగంలో రాత్రి విశ్రాంతి ఉండదు. 1979లో బ్రయన్ గ్రీన్‌హామ్, టిమ్ కార్నిష్ ఈ దూరాన్ని 15 గంటల 34 నిమిషాలలో దాటారు. సామాన్యులకు ఒక పగలు, ఒక రాత్రి పడుతుంది.

సహాయక బృందం రోడ్డు మార్గాన వాహనంలో ముందుగా వెళ్ళి లాకుల వద్ద వేచి ఉంటుంది. పడవను మోయడం మాత్రం పోటీదారుల వంతే. సహాయకులు నీరు, అరటిపండ్లు, వేడి సూప్, మెత్తని పాయసం అందిస్తారు. తెడ్డు వేసే చేతులకు ఖాళీ ఉండదు గనుక, పరుగెత్తేవారి పక్కనే పరుగెత్తుతూ నోటికి అందించవలసి వస్తుంది. చీకటి పడకముందే దీపాలు, పొడిబట్టలు సిద్ధం చేయాలి. ఒక్క లాకుకు ఆలస్యంగా చేరినా పోటీదారులు ఆకలితో ముందుకు సాగవలసిందే.

టెడ్డింగ్‌టన్ దాటిన తరువాత చివరి 17 మైళ్ళలో సముద్రపు ఆటుపోట్లు ప్రభావం చూపుతాయి. ఆటు సమయంలో ప్రవాహం పడవను లండన్ వైపు తీసుకుపోతుంది. పోటు సమయంలో ఎదురు నిలుస్తుంది. అందువల్ల బయలుదేరే వేళను వెనుకనుండి లెక్కించాలి. టెడ్డింగ్‌టన్ చేరడానికి 20 గంటలు పట్టే జట్టు, ఉదయం 6 గంటలకు అక్కడ ఉండాలంటే ముందురోజు ఉదయం 10 గంటలకే బయలుదేరాలి. ముందుగా చేరితే చలిలో నిరీక్షణ. అనుకూల సమయం దాటితే శ్రమ వృథా. కనుక ప్రతి లాకు వద్ద కాలాన్ని గమనిస్తూ, వేగం పెంచాలో తగ్గించాలో చెప్పేది గట్టున ఉన్నవారే.

వీటన్నిటికంటె కఠినమైన బాధ్యత మరొకటి ఉన్నది. తడిసిన దేహానికి అర్ధరాత్రి చలి సోకితే వణుకు, మాట తడబాటు, మతి మందగించడం కనిపిస్తాయి. ఆ స్థితిలో ఉన్నవాడు తన ప్రమాదాన్ని తాను గుర్తించలేడు. నెలల తరబడి సాధన చేసిన మిత్రుని 'ఇక చాలు' అని ఆపడానికి ధైర్యం కావాలి. ఉత్సాహపరచడం ఎంత అవసరమో, సమయమెరిగి నిలువరించడం అంత అవసరం.

పందెం ముగిసినప్పుడు పతకం తెడ్డు పట్టినవారికే దక్కుతుంది. గట్టున రాత్రంతా మేల్కొన్నవారికి మిగిలేది, తమవారు క్షేమంగా చేరారన్న తృప్తి. నిజమైన సహాయానికి అంతకు మించిన ప్రతిఫలం లేదు.