దిద్దుబాటును పట్టించే చెట్టు



మాలో చాలామందిమి కదిరి చుట్టుపక్కల మెట్ట పల్లెల నుంచి వచ్చినవాళ్ళం. రెండు మూడెకరాల డి.కె.టి. పట్టా, వానొస్తే వేరుశనగ – ఇదే మా ఇళ్ళ ఆస్తి. అడంగల్‌లో ఒక్క పేరు మారితే ఆ ఆధారమూ పోతుంది. ఎవరైనా రికార్డును దొంగచాటుగా దిద్దితే వెంటనే పట్టుకునే ఉపాయం ఉందా? ఉంది. అదే హ్యాష్ వృక్షం. అమెరికా శాస్త్రవేత్త రాల్ఫ్ మెర్కిల్ 1979లో దీనికి పేటెంటు కోరారు. అందుకే దీనిని మెర్కిల్ ట్రీ అని కూడా అంటారు. 2009లో మొదలైన బిట్‌కాయిన్ బ్లాక్‌చైన్ దీనినే వాడుతోంది.

హ్యాష్ అంటే ఏమిటి? ఎంత పెద్ద సమాచారాన్నైనా లెక్కకట్టి చిన్న సంకేతంగా మార్చడం. షా-256 పద్ధతిలో ఆ సంకేతాన్ని ఎప్పుడూ 64 గుర్తులతో రాస్తారు. ఒక్క అక్షరం మారినా సంకేతమంతా మారిపోతుంది. గానుగాడిన నూనె నుంచి గింజ తిరిగి రానట్టే, సంకేతం నుంచి అసలు సమాచారాన్ని వెనక్కి రాబట్టలేము.

ఇప్పుడు 8 లావాదేవీలు ఉన్నాయనుకుందాం. ఒక్కొక్కదానికి ఒక సంకేతం. వాటిని జతలుగా కలిపి మళ్ళీ హ్యాష్ చేస్తే 4, తర్వాత 2, చివరకు ఒక్కటే మిగులుతుంది. దాని పేరు వేరు. ఇది తలకిందుల చెట్టు. ఆకులు కింద, వేరు పైన! ఈ వేరును బ్లాకు తలభాగంలో రాస్తారు. దాని నకళ్ళు ఎన్నో కంప్యూటర్లలో ఉంటాయి.

3వ లావాదేవీని సరిచూడాలంటే మిగతా ఏడూ చదవనక్కర లేదు. 4వ దాని సంకేతం, 1-2 జత సంకేతం, 5 నుంచి 8 వరకు ఉన్న గుంపు సంకేతం – ఈ మూడు చాలు. వాటితో లెక్కకట్టగా వచ్చినది వేరుతో సరిపోతే ఆ లావాదేవీ నిజంగా బ్లాకులో ఉన్నట్టే. 1,024 లావాదేవీలకు 10 సంకేతాలు, పది లక్షలకు 20 సంకేతాలు చాలు.

భూమి రికార్డులకు బ్లాక్‌చైన్ వాడేందుకు 2017లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం స్వీడన్ సంస్థ క్రోమావేతో చేతులు కలిపింది.

అయితే ఒక్క మాట. ఈ చెట్టు తర్వాత జరిగిన మార్పును పట్టిస్తుందే గాని, మొదట రాసినది నిజమో కాదో చెప్పదు. తప్పు పేరు ఎక్కితే ఆ తప్పే పదిలంగా ఉంటుంది. కాబట్టి మిత్రులారా, సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మన అమ్మానాన్నల పాసుపుస్తకం తెరుద్దాం. పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం చదివి వినిపిద్దాం. యంత్రం చేయలేని ఆ పని చదువుకున్న మనదే!