పసుపు మిల్లుకు మీటరు పెడుతున్నారా? సీటీ ఎంత సైజు తీసుకోవాలె?

బోరు మోటార్లకు తెలంగాణల కరెంటు ఉచితం. అందుకే మన రైతులకు మీటరు చూసే అలవాటు తక్కువ. కానీ పసుపు కొమ్ములు అట్లనే మార్కెట్ యార్డుకు పంపకుండా పొడి పట్టిద్దాం, గానుగ పెడదాం అనుకున్ననాడు వేరే కనెక్షన్ కావాలె, మీటరు గిర్రున తిరుగుతది. అప్పుడు ఈ సీటీ, అంటే కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్ సంగతి తెల్వకపోతే లెక్క తప్పుతది. నాకు తప్పింది, అందుకే రాస్తున్న.

సీటీ ఏం చేస్తది?

పెద్ద కరెంటును మీటరు నేరుగ తట్టుకోలేదు. సీటీ దాన్ని తగ్గించి ఇస్తది. 100/5 సీటీ అంటే కేబుల్‌ల 100 ఆంప్స్ పోతే మీటరుకు 5 ఆంప్స్ వస్తది. కాబట్టి మీటరు రీడింగును 20తో గుణించాలె. దీన్నే మల్టిప్లయింగ్ ఫ్యాక్టర్, ఎంఎఫ్ అంటరు. లోడు 60 ఆంప్స్ దాటకపోతే 10-60 ఆంప్స్ డైరెక్ట్ మీటరే చాలు, సీటీ ఖర్చు పెట్టకండి.

నేను చేసిన మొదటి తప్పు: పెద్దది మంచిదనుకున్న

మాక్లూర్‌ల మా షెడ్డులో పల్వరైజర్ 30 హెచ్‌పీ, పాలిషింగ్ డ్రమ్ము 10, రెండు గానుగలు 3 చొప్పున, జల్లెడ, బ్లోయర్ కలిపి 4. మొత్తం 50 హెచ్‌పీ. త్రీఫేజ్ మోటారుకు హెచ్‌పీకి సుమారు 1.4 ఆంప్స్ అనుకుంటే 70 ఆంప్స్. నేను సబ్ మీటరుకు 200/5 తెచ్చిన, రేపు మెషీన్లు పెంచుతం గదా అని.

ఒక్క గానుగ నడిస్తే 4 ఆంప్సే. అంటే 200లో 2 శాతం. మామూలు 0.5 క్లాసు, 1 క్లాసు సీటీలకు కచ్చితత్వం గ్యారంటీ 5 శాతం నుంచే మొదలైతది. దాని కింద లెక్క ఎట్లొచ్చినా ఎవరూ బాధ్యులు కారు. 100/5లో అదే 4 శాతం, మొత్తం నడిస్తే 70 శాతం. పైగా 0.5ఎస్ క్లాసు తీసుకుంటే 1 శాతం కరెంటు నుంచి గ్యారంటీ ఉంటది. మనలాగ ఒకపూట చిన్న మోటారు, ఒకపూట పెద్ద మోటారు నడిపేటోళ్లకు అదే సరైనది. 5పీ10 అని రాసి ఉంటే అది ప్రొటెక్షన్ సీటీ, మీటరుకు వద్దు.

రెండో తప్పు: సీటీ మార్చిన, లెక్క మార్చలే

200/5 తీసి 100/5 పెట్టిచ్చిన. కానీ లెక్క పుస్తకంల 40తోనే గుణించుకుంట పోయిన. చుట్టుపక్కల రైతులు పసుపు పట్టించుకుంటే యూనిట్ల లెక్కనే పైసలు తీసుకుంటం. మీటరు 3.5 తిరిగితే 70 యూనిట్లు కావాలె, నేను 140 రాసిన. నెలాఖరుకు నా పుస్తకంల యూనిట్లు కరెంటు బిల్లు కంటే ఎక్కువొచ్చినయి! అప్పుడు వెలిగింది. ఒక్కొక్కరి ఇంటికి పోయి, "కాకా, నీ దగ్గర ఎక్కువ తీసుకున్న" అని పైసలు తిరిగి ఇచ్చిన. మందు లేని పంట అని నమ్మి వచ్చేటోళ్ల దగ్గర తూకం తప్పొద్దు గదా.

కొనేముందు, బిగించేముందు చూడవలసినవి

- మూడు సీటీలూ ఒకే రేషియో, ఒకే క్లాసు ఉండాలె. రింగు రంధ్రంల మీ కేబుల్ పడుతదో లేదో చూడండి.
- సీటీ మీద 5 వీఏ అని ఉంటే అది మోయగల భారం. 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరుతో మీటరు 5 మీటర్ల దూరంల ఉంటే వైరే సుమారు 2 వీఏ తింటది. 30 మీటర్లయితే 11 వీఏ దాకా పోతది, రీడింగ్ తప్పుతది. మీటరు దగ్గర్లోనే పెట్టండి.
- పీ1 సప్లై వైపు, పీ2 లోడు వైపు. మూడు ఫేజుల లోడు సమానంగ ఉన్నప్పుడు ఒక్క సీటీ తిరగబడితే మీటరు సాధారణంగ మూడో వంతే చూపిస్తది.
- కొన్ని మీటర్లల రేషియో లోపలే సెట్ చేస్తరు. అట్లయితే మళ్ల గుణించొద్దు.
- టాంగ్ టెస్టర్‌తో కేబుల్‌ల 60 ఆంప్స్ ఉంటే, గుణించాల్సిన మీటరు 3 ఆంప్స్ చూపించాలె. మూడు ఫేజులూ చూడండి.
- ఎంఎఫ్ అంకెను బోర్డు మీద పెయింటుతో రాయండి. సీటీ మారిన రోజే అది కూడ మార్చండి.

ప్రాణం సంగతి

లోడు నడుస్తుంటే సీటీ సెకండరీ వైరు ఎప్పుడూ ఊడదీయొద్దు. అక్కడ ప్రాణం తీసేంత వోల్టేజ్ పుడుతది. కరెంటు బంద్ చేసి, ఎస్1, ఎస్2 షార్ట్ చేసినంకనే మీటరు ముట్టాలె, అది కూడ లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌తోనే. డిస్కం సీలు వేసిన మీటరు, సీటీలను మనం అస్సలు ముట్టొద్దు. అనుమానముంటే బిల్లు మీది ఎంఎఫ్‌ను సీటీ రేషియోతో సరిచూసి, రాతపూర్వకంగ టెస్టింగ్ అడగండి.

టాంగ్ టెస్టర్‌తో సరిచూసే విధానం పై వీడియోల మా మిల్లు మీటరు మీదనే చూపించిన. ఒకసారి చూసి, మీ లోడు కాగితం మీద రాసుకుని, ఆ తర్వాతే దుకాణానికి పోండి.