తుపాకీకి మచ్చల రంగు: ఏ రంగు ఎందుకు? చట్టం ఎక్కడ అడ్డొస్తుంది?

యూట్యూబ్‌లో అమెరికా వేటగాళ్ళ వీడియోలు చూసి మన కుర్రాళ్ళు కూడా ఎయిర్ గన్‌కి మచ్చల మచ్చల రంగు కొట్టాలంటున్నారు. పొలం కాపలాకి లైసెన్సు తుపాకీ ఉన్న ఇళ్ళలో పెద్దవాళ్ళకీ ఆ సరదా లేకపోలేదు. దీన్ని కామోఫ్లేజ్ అంటారు, వాడుకలో ‘కామో’. స్ప్రే డబ్బాలు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. మరి ఏ రంగులు కొనాలి?

జవాబు మనం రోజూ వాడే మాటలోనే ఉంది. ఉర్దూలో ఖాక్ అంటే దుమ్ము, మట్టి. 1840ల చివర్లో పెషావర్ ప్రాంతంలో హ్యారీ లమ్స్‌డెన్ అనే అధికారి తన ‘కోర్ ఆఫ్ గైడ్స్’ సిపాయిలకు అక్కడి దుమ్ము రంగు బట్టలు తొడిగించాడు. అదే ఖాకీ అయింది. అప్పటి ఇంగ్లీషు సైన్యం ఎర్ర కోట్లలో దూరం నుంచే కనిపించేది. అంటే రంగు దుకాణంలో ఎంచుకునేది కాదు. మీరు నిలబడే నేలని చూసి ఎంచుకోవాలి.

శ్రీముఖలింగం దగ్గర వంశధార గట్టు మీద నిలబడి చూడండి. ఆగస్టు, సెప్టెంబరులో వరి చేలన్నీ పచ్చగా ఉంటాయి. కోతలయ్యాక అదే పొలం ఎండుగడ్డి రంగుకి మారుతుంది. నది ఇసుక లేత గోధుమ రంగు, తాటి మానులు బూడిద నలుపు. ఇటు ఉద్దానం వెళ్తే జీడి, కొబ్బరి తోటల నీడ. విదేశీ అడవుల కోసం చేసిన ముదురు ఆకుపచ్చ, నలుపు సెట్టు కొని తెచ్చుకుంటే, సంక్రాంతి తర్వాత మన పొలంలో అది నల్లటి కర్రలా ఎదురుగా కనిపిస్తుంది.

ఇక్కడికి మూడు రంగులు సరిపోతాయి. సగానికి పైగా ఎండుగడ్డి రంగు, దాని మీద మట్టి గోధుమ, చివర కొంచెం బూడిద కలిసిన ఆకుపచ్చ. చిక్కటి నలుపు వద్దు. అడవిలో నీడ కూడా అంత నల్లగా ఉండదు. మచ్చలు మరీ చిన్నవైతే దూరం నుంచి అన్నీ కలిసిపోయి ఒకే రంగులా కనిపిస్తాయి, కాబట్టి పెద్దవిగా ఉండాలి. తుపాకీని పట్టిచ్చేది దాని రంగు కంటే ఎక్కువగా గొట్టం తిన్నటి గీత. అందుకే మచ్చలు గొట్టం పొడవునా కాకుండా అడ్డంగా పడాలి. ఇక అన్నిటికంటే పెద్ద శత్రువు మెరుపు. రంగు ఎంత బాగా కుదిరినా గ్లాస్ పెయింట్ వేస్తే ఎండలో అద్దంలా తళుక్కుమంటుంది. మ్యాట్ మాత్రమే వాడాలి.

అసలు జంతువుకి ఏం కనిపిస్తుంది? జింకల కంట్లో రంగుని గుర్తించే కణాలు రెండు రకాలే, మనిషికి మూడు. ఎరుపు, నారింజ వాటికి మసకగా ఆకుపచ్చతో కలిసిపోతాయి. నీలం మాత్రం బాగా తెలుస్తుంది. తుపాకీకి కామో వేసి, నీలం జీన్స్ తొడుక్కుని వెళ్ళేవాళ్ళ సంగతి ఇక చెప్పక్కర్లేదు! పక్షులకు నాలుగు రకాల కణాలుంటాయి, చాలా పక్షులు మనకు కనపడని అతినీలలోహిత కాంతిని కూడా చూస్తాయి. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో తుపాకీ వేటగాళ్ళు కంట్లో పొడిచినట్టుండే నారింజ రంగు వేసుకోవాలని చట్టమే ఉంది. జింకకి అది తెలియదు, తోటి వేటగాడికి తెలుస్తుంది. జీడి తోటలో పిక్కలు ఏరుకునే మనుషులు తిరిగేచోట తుపాకీ పట్టుకున్నవాడు కనపడకుండా ఉండటం ఎంత ప్రమాదమో దీన్నిబట్టి ఆలోచించండి.

ఇప్పుడు చట్టం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మన దేశంలో సరదా వేట లేదు. ఎయిర్ గన్‌తో కొంగని కొట్టినా అది వేటే. షెడ్యూల్ 1లో ఉన్న ఎలుగుబంటి లాంటి జంతువైతే శిక్ష మూడేళ్ళకు తగ్గదు, ఏడేళ్ళ దాకా పడొచ్చు. పంటని పాడుచేసే అడవిపందిని కాల్చాలన్నా అటవీశాఖ అనుమతి కావాలి. చేతిలో తుపాకీ లైసెన్సు ఉంటే కాల్చే హక్కు కూడా వచ్చినట్టే అని చాలామంది అనుకుంటారు, అవి రెండూ వేర్వేరు.

4.5 మిల్లీమీటర్ల బోరు, 20 జౌల్స్ లోపు శక్తి ఉన్న ఎయిర్ రైఫిల్‌కి లైసెన్సు అక్కర్లేదు. దానికి రంగు వేసుకుంటే పెద్ద ఇబ్బంది రాదు. లైసెన్సు తుపాకీ విషయం అలా కాదు. 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 8 ప్రకారం తుపాకీ మీది పేరు, నంబరు, గుర్తింపు ముద్ర చెరపకూడదు, మార్చకూడదు. నంబరు మీద రంగు పడి కనపడకుండా పోతే, తనిఖీలో మీ సరదా సంగతి ఎవరు వింటారు? ఆ చోట ముందే టేపు అంటించాలి. ట్రిగ్గరు, కదిలే భాగాలు, గురి చూసే భాగాలు, గొట్టం మూతి కూడా అలాగే మూసేయాలి. పని మొదలుపెట్టేముందు తుపాకీ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, నూనె జిడ్డు పూర్తిగా తుడవాలి. లేత రంగు ముందు, ముదురు తర్వాత. నిజం ఆకుల్ని అడ్డుపెట్టి స్ప్రే చేస్తే ఆకారాలు సహజంగా వస్తాయి.

ఇంకో మాట, సైన్యం డిజైన్‌ని కాపీ కొట్టొద్దు. 2022 జనవరి 15 ఆర్మీ డే పరేడ్‌లో చూపించిన కొత్త యూనిఫాం డిజైన్ మీద సైన్యం హక్కులు రిజిస్టర్ చేయించుకుంది. సైనికుడినని నమ్మించే ఉద్దేశంతో అలాంటి దుస్తులు వేసుకోవడం విడిగా నేరం.

లైసెన్సు తుపాకీకి నా సలహా అడిగితే, రంగు వేయొద్దనే అంటాను. ఎండుగడ్డి, మట్టి రంగుల గుడ్డ పట్టీ చుట్టుకుంటే పని జరుగుతుంది. ఖర్చు తక్కువ, విప్పితే నంబరు కనిపిస్తుంది, సీజన్ మారితే పట్టీ మార్చుకోవచ్చు. రంగుల సరదా మరీ ఉన్న పిల్లలకి కెమెరా ఇప్పించండి. టెక్కలి దగ్గర తేలినీలాపురానికి ఏటా పెలికాన్లు, పెయింటెడ్ స్టార్క్ కొంగలు వస్తాయి. లెన్సుకీ ట్రైపాడ్‌కీ ఇదే పట్టీ చుట్టి, దూరంగా కదలకుండా కూర్చుంటే చాలు. దానికి ఏ లైసెన్సూ అడగరు.