గొఱ్ఱె, కుక్క, మనిషి: నీటితిత్తి రోగము

సికిందరాబాదు చెంత బేగంపేటలో 1897వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీన సైనిక వైద్యుడగు రోనాల్డ్ రాస్, మలేరియా రోగిని కుట్టిన దోమ కడుపులో ఆ రోగక్రిమిని కనుగొనెను. మలేరియాపై చేసిన కృషికై 1902లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. మనిషిని పీడించు క్రిమి తన జీవితములో కొంతభాగము వేఱొక ప్రాణి దేహమున గడుపునని దీనివలన స్పష్టమైనది. రైతుల యిండ్లలోని నీటితిత్తి రోగమును ఇట్టిదే. ఇచ్చట దోమకు బదులు కుక్క.

ఈ రోగమునకు మూలమగు బద్దెపురుగు కుక్క ప్రేగులలో నుండును. వడ్లగింజంత పొడవైనను లేదు. దాని గ్రుడ్లు మలముతో వెలువడి గడ్డిని, నీటిని చేరును. మేతతోపాటు అవి గొఱ్ఱెలు, మేకలు, పశువుల కడుపులోనికి పోయి, కాలేయమునందును ఊపిరితిత్తులయందును నీరు నిండిన తిత్తులగును. ఆ భాగములను కుక్క తినినచో తిత్తులలోని పిల్లలు దాని ప్రేగులలో మరల పురుగులుగా పెరుగును.

మనిషికి ఈ రోగము మాంసమువలన రాదు. కుక్కను నిమిరి కడుగని చేతులతో అన్నము తినుటవలనను, కడుగని కూరలవలనను, కలుషితమైన నీటివలనను వచ్చును. తిత్తి యేండ్ల తరబడి బాధ లేకయే పెరుగును. లోపల పగిలినచో ప్రాణాపాయము. కావున పాడైనదని మనము కుక్కకు విసరివేసిన కాలేయపు ముక్కయే తుదకు మన బిడ్డల మీదికి వచ్చుచున్నది.

ఐస్‌లాండు దేశమును ఈ రోగము పందొమ్మిదవ శతాబ్దములో మిక్కిలి పీడించెను. అచ్చటివారు రోగవిధమును తెలుపు చిన్న పుస్తకమును ఇంటింటికి పంచిరి. 1890లో కుక్కలకు మందిప్పించుటకు చట్టము చేసిరి. క్రమముగా రోగమును నిర్మూలించిరి.

మనము చేయవలసినవి కొన్ని కలవు. జాతరలందును ఇండ్లయందును గొఱ్ఱెను కోసినపుడు తిత్తులున్న భాగములను కాల్చవలయును, లేదా కుక్కలు త్రవ్వలేనంత లోతున పాతవలయును. మందకుక్కలకు పశువైద్యుని సలహాపై ప్రాజిక్వాంటెల్ మందు క్రమముగా నిప్పించవలయును. మందు గ్రుడ్లను చంపదు; గాన పిదప కొన్ని దినములు వాటి మలమును పాతిపెట్టవలయును. భోజనమునకు ముందు చేతులు కడుగుట బిడ్డలకు నేర్పవలయును. కడుపులో గడ్డ తగిలినను, కుడిడొక్క బరువుగా నున్నను వైద్యునికి చూపవలయును. మందులును శస్త్రచికిత్సయు కలవు.

ఒక రైతు కుక్క ఊరి వీధులన్నియు తిరుగును గదా! ఒక్కని జాగ్రత్త చాలదు. రాబోవు సంఘసభలో కుక్కల మందును గూర్చియు, వధస్థలమున గొయ్యిని గూర్చియు సభ్యులు నిర్ణయము చేయుదురు గాక.