ఇనుప గుఱ్ఱపు రౌతు: జోయీ డన్‌లప్

సాహసమనగానే మన పాఠ్యగ్రంథములు పర్వతములెక్కినవారిని, సముద్రములు దాటినవారిని తలపునకు తెచ్చును. చేతుల నిండ నూనె మరకలతో, తానే మరమ్మతు చేసికొన్న మోటారు సైకిలుపై ఊరి బాటల వెంట పరుగుతీసి ప్రసిద్ధికెక్కినవానికి ఆ వరుసలో చోటు దొరకుట అరుదు. ఉత్తర ఐర్లండునకు చెందిన జోయీ డన్‌లప్ అట్టివాడు. ముప్పది యేండ్లకు పైబడిన అతని పందెపు జీవితము విజయముల పట్టిక మాత్రమే కాదు. తెగువ యెక్కడ ముగియునో, తొందరపాటు ఎక్కడ మొదలగునో విచారింపదలచిన ఉపాధ్యాయునకు, విద్యార్థికి అందులో గొప్ప పాఠము కలదు.

మోటారు సైకిలు పందెములు రెండు తెఱగులు. చిత్తూరు సీమకు పొరుగున, మదరాసునకు ఉత్తరముగా నున్న షోళవరమున రెండవ ప్రపంచ యుద్ధకాలపు విమానపు బాటపై 1950ల నుండి పందెములు జరిగెడివి. తరువాత శ్రీపెరుంబుదూరు సమీపమున ఇరుంగాట్టుకోట్టైలో 1990లో ప్రత్యేకముగా పందెపు బాటయే వెలసినది. ఇట్టి చోట్ల అదుపు తప్పిన రౌతు జారిపోవుటకు ప్రక్కన ఖాళీ నేల యుండును. రెండవ తెఱగు పందెము జనులు నిత్యము తిరిగెడి రోడ్డుపైననే జరుగును. ఆ దినమున ప్రభుత్వము చట్టప్రకారము రాకపోకలను ఆపివేయును. కాని ఇండ్ల గోడలు, దీపస్తంభములు, చెట్లు, వంతెనల పిట్టగోడలు ఎక్కడివక్కడనే యుండును. తప్పు చేసినవానిని ఆ రోడ్డు మన్నింపదు.

ఐరిష్ సముద్రమునందలి మాన్ ద్వీపమున 1907లో ఆరంభమైన టి.టి. పందెములు ఈ రెండవ తెఱగులో మిక్కిలి పేరుగన్నవి. బ్రిటనులో రోడ్లపై పందెములకు చట్టము సమ్మతింపకపోగా, సొంత శాసనసభ గల ఈ చిన్న ద్వీపము అందులకు తలుపు తెఱచెను. 1911లో వాడుకకు వచ్చిన అచ్చటి కొండబాట చుట్టుకొలత 60 కిలోమీటర్లకు పైమాట. తిరుపతి నుండి చిత్తూరునకు గల దూరముకంటె అది కొంచెమే తక్కువ. దారిలో రెండువందలకు మించిన మలుపులు కలవు. ఊళ్ళ నడుమ ఇండ్ల వాకిళ్ళను ఒరసికొని పోవు ఆ బాట, 420 మీటర్ల యెత్తునకు కొండనెక్కి మరల దిగును. పెద్ద పందెమున ఆరు చుట్లు తిరుగవలెను. రౌతులందరు ఒక్కమారుగా బయలుదేరరు. పది సెకనులకొకడు చొప్పున కదలి గడియారముతో పోటీపడుదురు.

తిరుమల ఘాట్ రోడ్లను ఎఱిగినవారికి ఇందలి కష్టము సులభముగా బోధపడును. మలుపు దాటువరకు ఎదుట నేమున్నదో కానరాదు. ఆ మలుపు చివర యెంత ముడుచుకొనునో ముందుగా నెఱిగినవాడే నిబ్బరముగా బండి త్రిప్పగలడు. 1944లో తెఱువబడిన మొదటి ఘాట్ రోడ్డునకు మూడింతలు పొడవైన దారిని, ప్రతి మలుపు, ప్రతి గతుకు మనస్సున ముద్రపడునంతవరకు నేర్చుకొనుటయే మాన్ ద్వీపపు రౌతు చేయవలసిన మొదటి విద్య. వేగము ఆ విద్యకు ఫలము మాత్రమే.

పనివాని కొడుగట్టని పట్టుదల

జోయీ 1952 ఫిబ్రవరి 25న బాలీమనీ ప్రాంతమున సామాన్య కుటుంబమున జన్మించెను. డీజిలు ఇంజన్లు బాగుచేయుచు, లారీ నడుపుచు పొట్టపోసికొనెను. 1969లో చిన్న ట్రయంఫ్ టైగర్ కబ్ బండిపై తొలి పందెము నడిపెను. 1976లో మొదటిసారి టి.టి.కి వచ్చి, మరుసటి యేడే యమహా బండిపై గెలిచెను.

అతడు ఆ ద్వీపమునకు వచ్చిన కాలము విచిత్రమైనది. ఇటలీ రౌతు గిల్బెర్టో పర్లొట్టి 1972లో అచ్చట మరణించిన పిమ్మట, పదిసారులు టి.టి. గెలిచిన జియకోమో అగొస్టీని మరల ఆ బాట త్రొక్కనని విరమించుకొనెను. 1976 తరువాత ప్రపంచ విజేతల పోటీలనుండియే ఆ పందెము తొలగింపబడెను. ఘనులు విడిచిన బాటను ఈ పనివాడు తన బడిగా చేసికొనెను. 1982 నుండి 1986 వరకు ఐదేండ్లు వరుసగా ఫార్ములా వన్ ప్రపంచ బిరుదు అతనిదే. హోండా కంపెనీ వారి బండ్లు చేతికి వచ్చిన తరువాతకూడ చిన్న యంత్రములను తానే విప్పి, తానే బిగించుకొనెడివాడు.

1985లో పందెమునకు పోవుచుండగా అతడెక్కిన చేపలపడవ స్ట్రాంగ్‌ఫర్డ్ జలసంధిలో మునిగిపోయెను. అందరు ప్రాణములతో బయటపడిరి. ఆ యేడు జోయీ మూడు పందెములు గెలిచెను. 1989లో ఇంగ్లండున బ్రాండ్స్ హాచ్ పందెపు బాటపై కాలు విరిగి, ఆ సంవత్సరము టి.టి.కి దూరమయ్యెను. అతని కాలము తీరినదని పలువురు తలచిరి. అతడు తొందరపడలేదు. మూడేండ్లకు 1992లో చిన్న 125 సి.సి. బండిపై గెలిచి, మైక్ హేల్‌వుడ్ 14 విజయముల లెక్కను అందుకొనెను. మరుసటి యేడు దానిని దాటెను.

2000 సంవత్సరమున అతనికి 48 ఏండ్లు. పండ్రెండేండ్లుగా చేతికందని ఫార్ములా వన్ పందెముతో కలిపి మూడింట గెలిచి, మొత్తము 26 విజయములు పూర్తిచేసెను. ఆ వారముననే గంటకు 199 కిలోమీటర్ల సగటున చుట్టు ముగించెను. తన జీవితమున అంత వేగముగా అతడెన్నడును తిరుగలేదు.

మరియొక ప్రయాణము

ఈ విజయముల నడుమ అతడు చేసిన ప్రయాణములు వేరొకటి కలవు. 1990లలో వ్యానునిండ ఆహారము, బట్టలు నింపుకొని, ఒంటరిగా ఐరోపా ఖండము దాటి రుమేనియా, బోస్నియా, అల్బేనియా దేశముల అనాథ బాలల కడకు పోయెడివాడు. పందెములకు 1986లో, ఈ సేవకు 1996లో బ్రిటిషు ప్రభుత్వము అతనిని గౌరవించెను.

2000 జులై 2న ఎస్తోనియా దేశపు తాలిన్ నగరమున రెండు పందెములు గెలిచి, వానలో 125 సి.సి. పందెము నడుపుచు, బండి అదుపుతప్పి చెట్లకు తగిలి జోయీ మరణించెను. అంత్యక్రియలకు ఇంచుమించు 50,000 మంది వచ్చిరి. ఆ కుటుంబపు దుఃఖము అంతటితో తీరలేదు. తమ్ముడు రాబర్టు 2008లోను, రాబర్టు కుమారుడు విలియమ్ 2018లోను రోడ్డు పందెములకు సంబంధించిన పరుగులలోనే మరణించిరి. రాబర్టు మరియొక కుమారుడు మైకేలు 2024 జూన్‌లో పెదతండ్రి 26 విజయములను దాటెను. మాన్ కొండబాటపై ఇంతవరకు 260 మందికి పైగా రౌతులు ప్రాణములు విడిచిరన్న మాటను ఈ విజయముల ప్రక్కననే వ్రాసికొనవలెను.

జోయీకి తెలియని మలుపు లేదు. అయినను తడిసిన బాట అతనిని విడువలేదు. జీవితమంతయు చదివినవానికే ఇట్లయినపుడు, చదువని రోడ్డుపై, రాకపోకలు ఆగని వేళ, వేగమును ధైర్యమనుకొను యువకుని సంగతి వేరుగా చెప్పనేల? తిరుమల దేవస్థానమువారు ఘాట్ రోడ్డుపై కొండ యెక్కుటకు 28 నిమిషములు, దిగుటకు 40 నిమిషములు తగ్గరాదని నియమించి, ముందుగా చేరిన బండ్లకు జరిమానా విధించిరి. మాన్ ద్వీపపు గడియారము త్వరగా వచ్చినవానిని మెచ్చును. మన కొండ గడియారము క్షేమముగా వచ్చినవానిని మెచ్చును. తరగతిలో జోయీ కథ చెప్పునపుడు ఈ రెండు గడియారములను కలిపి చెప్పుట మేలు.

కొండబాటపై ఇరువదియారవ మైలురాతి వద్దనున్న మలుపునకు అతని పేరు పెట్టిరి. అంతకంటె మంచి స్మారకము వేరొకటి కలదు. అతని పేర వెలసిన సంస్థ, వికలాంగులు ఆ ద్వీపమునకు వచ్చి విశ్రాంతిగా గడుపుటకు వసతిగృహము ఏర్పరచినది. అచ్చట దిగువారికి గడియారముతో పనిలేదు.