తొమ్మిది ప్రోటాన్లు, పది ఎలక్ట్రాన్లు

నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, మునుగోడు వైపు వెళితే నడుములు వంగి, మోకాళ్లు వంకర తిరిగిన పెద్దవాళ్లు కనిపిస్తారు. ఏళ్ల తరబడి తాగిన బోరు నీళ్లలోని ఫ్లోరైడే కారణమని అక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు. మరి ఒంట్లోకి వెళ్లిన ఫ్లోరైడ్ పోయి పోయి ఎముకనే ఎందుకు పట్టుకుంటుంది? జవాబు పరమాణువు లోపల ఉంది. పది దాకా లెక్కపెట్టడం వస్తే చాలు, అర్థమైపోతుంది.

పరమాణువులో ఉండేవి మూడు రకాల రేణువులు. ప్రోటాన్‌కు ధనావేశం, ఎలక్ట్రాన్‌కు రుణావేశం, న్యూట్రాన్‌కు ఏ ఆవేశమూ లేదు. ప్రోటాన్లు, న్యూట్రాన్లు నడిమధ్యన ముద్దలా ఉంటాయి. ఆ ముద్దే కేంద్రకం. ఎలక్ట్రాన్లు దాని చుట్టూ ఉంటాయి. బరువంతా దాదాపు కేంద్రకానిదే, ఎందుకంటే 1,836 ఎలక్ట్రాన్లు కలిస్తే గానీ ఒక ప్రోటాన్ బరువుకు సరితూగవు.

చోటు సంగతి మాత్రం తలకిందులు. ఫ్లోరైడ్ కేంద్రకాన్ని రెండు మిల్లీమీటర్ల ఆవగింజంత చేసి బడి మైదానం మధ్యలో పెట్టామనుకోండి. దాని ఎలక్ట్రాన్లు సుమారు 80 మీటర్ల వెడల్పున మైదానమంతా పరుచుకుంటాయి. మిగతాదంతా ఖాళీ.

ఒక పరమాణువు ఏ మూలకానిదో చెప్పేది ప్రోటాన్ల సంఖ్య. దాన్నే పరమాణు సంఖ్య అంటాం. ఒకటి ఉంటే హైడ్రోజన్, ఎనిమిది ఉంటే ఆక్సిజన్, తొమ్మిది ఉంటే ఫ్లోరిన్. ఇదే నల్లగొండ జిల్లాలో లంబాపూర్, పెద్దగట్టు దగ్గర నేలలో ఉన్న యురేనియానికి 92. సరుకు అవే మూడు రేణువులు, లెక్క మారితే గుణమే మారిపోతుంది.

ఎలక్ట్రాన్లు వరుసల్లో సర్దుకుంటాయి. ఈ వరుసలను కక్ష్యలంటారు. మొదటి కక్ష్యలో రెండు, రెండో దాంట్లో ఎనిమిది పడతాయి. ఫ్లోరిన్‌కు ఉన్నవి తొమ్మిది, అంటే రెండు పోను ఏడు. నిండడానికి ఒక్కటి తక్కువ. ఆ ఒక్కదాని కోసం ఫ్లోరిన్ ఎంత ఆత్రపడుతుందంటే, దొరికినచోట లాక్కోవడంలో దాన్ని మించిన మూలకం లేదు. లాక్కున్నాక ప్రోటాన్లు 9, ఎలక్ట్రాన్లు 10. ఒక రుణావేశం ఎక్కువైంది. ఇలా ఆవేశం వచ్చిన పరమాణువును అయాన్ అంటారు. మన నీళ్లలో ఉండేది ఈ ఫ్లోరైడ్ అయానే, విషవాయువైన ఫ్లోరిన్ కాదు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. హైడ్రాక్సైడ్ అని ఇంకో అయాన్ ఉంది. ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్ జతకట్టి, పైన ఒక ఎలక్ట్రాన్ తెచ్చుకుంటే అది తయారవుతుంది. వేళ్ల మీద లెక్కపెట్టండి. ప్రోటాన్లు ఎనిమిదీ ఒకటీ తొమ్మిది. ఎలక్ట్రాన్లు ఎనిమిదీ ఒకటీ తొమ్మిది, తెచ్చుకున్నదానితో పది. సరిగ్గా ఫ్లోరైడ్ లెక్కే! తేడా ఏమిటంటే ఫ్లోరైడ్‌లో తొమ్మిది ప్రోటాన్లూ ఒకే కేంద్రకంలో ఉంటాయి, హైడ్రాక్సైడ్‌లో రెండు కేంద్రకాల్లో ఉంటాయి. ఆవేశం ఒక్కటే, పరిమాణం కూడా దాదాపు ఒక్కటే. అందుకే ఒకటి లేచిన పీట మీద రెండోది కూర్చోగలదు.

మన ఎముకలో, పంటిలో ఉన్న ఖనిజం కాల్షియం, ఫాస్ఫేట్, హైడ్రాక్సైడ్‌లతో కట్టిన స్ఫటికం. నీళ్లతో వచ్చిన ఫ్లోరైడ్ అందులో హైడ్రాక్సైడ్ పీట ఎక్కుతుంది. ఎక్కాక కాల్షియంతో ఇంకా గట్టిగా పట్టుకుంటుంది, తేలిగ్గా దిగదు. ఏళ్లు గడిచేకొద్దీ పోగుపడుతుంది.

గట్టిపడితే మంచిదే కదా అంటారేమో. పంటి పైపొరలో కొద్దిగా చేరితే నిజంగానే మంచిది, పుచ్చు పట్టకుండా కాపాడుతుంది. టూత్‌పేస్టుల్లో కలిపేది అందుకే. ఎక్కువైతే మాత్రం, పిల్లల్లో పన్ను తయారయ్యే వయసులోనే పాడై గోధుమరంగు గార చారలతో మొలుస్తుంది. ఎముక బరువెక్కుతుంది గానీ పెళుసవుతుంది. కీళ్ల దగ్గరి కట్లు కూడా ఎముకలా బిగుసుకుపోతాయి. నడుము వంగేది, మెడ తిరగనిది అప్పుడే.

ఎంత దాటితే ఎక్కువ? మన దేశ ప్రమాణం ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి. వేరే నీళ్లు దొరకనిచోట 1.5 దాకా ఒప్పుకుంటారు. ఇంటి లెక్కలో చూద్దాం. 15 లీటర్ల బిందెడు నీళ్లకు ఆ పైహద్దు 22 మిల్లీగ్రాముల చిల్లర, అంటే ఒకటి రెండు బియ్యపు గింజల బరువు. ఏడు లక్షల నీటి అణువులకు ఒక్క ఫ్లోరైడ్ అన్నమాట. అయినా పరమాణువులు ఎంత చిన్నవంటే, ఆ బిందెలోంచి తీసిన ఒక్క చుక్కలో సుమారు 24 కోట్ల కోట్ల ఫ్లోరైడ్‌లు ఉంటాయి. రంగు, రుచి, వాసన ఏవీ మారవు.

ఇది నీళ్లలోకి ఎక్కడిది? నల్లగొండ, పాలమూరు నేలల కింద ఉన్నది గ్రానైట్ రాయి. అందులో నల్లగా మెరిసే అభ్రకపు రేకుల్లో కూడా హైడ్రాక్సైడ్ పీటల మీద ఫ్లోరైడ్ కూర్చుని ఉంటుంది. క్షారగుణం ఉన్న నీళ్లు, అంటే హైడ్రాక్సైడ్ ఎక్కువున్న నీళ్లు, రాతి పగుళ్లలో చాలాకాలం నిలిస్తే హైడ్రాక్సైడ్ లోపలికి, ఫ్లోరైడ్ బయటికి. బోరు లోతు పెరిగేకొద్దీ నీళ్లకూ రాతికీ ఈ సహవాసం పెరుగుతుంది. రాతిలో పీట దిగిన ఫ్లోరైడే మన ఎముకలో పీట ఎక్కుతోంది.

కాచి చల్లార్చితే పోదా? పోదు. మరిగిస్తే సూక్ష్మజీవులు చస్తాయి గానీ తొమ్మిది ప్రోటాన్ల కేంద్రకాన్ని పొయ్యి మంట ఏమీ చేయలేదు. పైగా నీళ్లు ఆవిరైపోయి ఫ్లోరైడ్ అడుగున మిగులుతుంది కాబట్టి, మిగిలిన నీళ్లలో మోతాదు పెరుగుతుంది.

దాన్ని తీసే ఉపాయం కూడా ఈ పీటల మార్పిడే. నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో రూపొందించిన పద్ధతికి ప్రపంచమంతా నల్లగొండ టెక్నిక్ అనే పేరు. నీళ్లలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడర్ కొలిచి వేసి కలియబెడతారు. కాసేపటికి దూదిపింజల్లాంటి తెల్లని తెట్టు కట్టి మెల్లగా అడుక్కి దిగుతుంది. అది అల్యూమినియం హైడ్రాక్సైడ్. దాని మీదున్న హైడ్రాక్సైడ్ పీటలను ఫ్లోరైడ్ ఆక్రమించి, తెట్టుతో పాటే అడుక్కి చేరుతుంది. పైనున్న నీళ్లు వడపోసుకుంటారు. మోతాదు తప్పితే అల్యూమినియం నీళ్లలో మిగిలిపోతుంది, కాబట్టి కొలత తెలియకుండా ఇంట్లో చేయకూడదు.

అన్నిటికన్నా మేలైన దారి నీళ్లనే మార్చడం. మిషన్ భగీరథకు 2015లో చౌటుప్పల్‌లో పైలాన్ ఆవిష్కరించారు. ఆ పథకం కింద కృష్ణా నీళ్లు శుద్ధి చేసి పైపుల్లో ఊళ్లకు పంపుతున్నారు. నది నీళ్లు లోతు రాతిలో ఏళ్లపాటు నిలవవు కాబట్టి వాటిలో ఫ్లోరైడ్ తక్కువ.

మీ ఇంట్లో ఇంకా బోరు నీళ్లే తాగుతుంటే ఒక సీసాడు పట్టుకెళ్లి గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలలో పరీక్ష చేయించమని అమ్మానాన్నలకు చెప్పండి. లెక్క 1.5 దాటితే ఆ నీళ్లు తాగడానికీ వంటకూ వద్దు. స్నానానికి, బట్టలకు వాడుకోవచ్చు, ఫ్లోరైడ్ చర్మంలోంచి ఎముకకు చేరదు.