రాని మెకానిక్... వచ్చిన బిల్లు!

దారిలో బండి ఆగిపోతే సాయానికి వస్తామన్నారు. రాలేదు. పైగా వచ్చామని రాసుకుని డబ్బులు తీసుకున్నారు. పోనీలే అని వదిలేయాలా? అక్కర్లేదు. అడగడానికి దారులున్నాయి. కాకపోతే అడిగే పద్ధతి తెలియాలి.

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్తోంది ఓ కుటుంబం అనుకోండి. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, వెనక సీట్లో అమ్మమ్మ. రాత్రి పదింటికి కొర్లపహాడ్ టోల్‌గేట్ దాటారు. సూర్యాపేట దాటాక టీ తాగుదామని ఓ దాబా దగ్గర ఆగారు. పావుగంట తర్వాత వచ్చి తాళం తిప్పితే... కిర్రుమనలేదు, కుర్రుమనలేదు. బ్యాటరీ డౌన్!

కంగారేం లేదు. కారు కొన్నప్పుడే షోరూమ్‌లో ‘రోడ్‌సైడ్ అసిస్టెన్స్’ ప్యాకేజీ అంటగట్టారుగా. పదీ నలభైకి ఫోన్ చేశారు. ‘నలభై అయిదు నిమిషాల్లో మా మనిషి వస్తాడు సర్. మీరున్న చోటు మా పరిధికి కొంచెం అవతల. అదనపు దూరానికి పద్దెనిమిది వందల లోపే అవుతుంది. లింకు పంపిస్తున్నాం’ అంది అవతలి గొంతు. క్రెడిట్ కార్డుతో 1,770 రూపాయలు కట్టేశారు. పదకొండున్నర అయింది. ఎవరూ రాలేదు. మళ్లీ ఫోన్ చేస్తే ‘దారిలో ఉన్నాడు’. పిల్లలు నిద్రకి తూలుతున్నారు. దాబా వాళ్లు లైట్లు ఆర్పేస్తున్నారు. చివరికి అక్కడే ఆగిన ఓ లారీ డ్రైవర్ తన దగ్గరున్న కేబుల్ వైర్లు తెచ్చి, బండి స్టార్ట్ చేసిపెట్టాడు. పదకొండూ యాభైకి ఫోన్ చేసి ‘ఇక రానక్కర్లేదు’ అని చెప్పి బయల్దేరారు.

తెల్లారి లేచేసరికి ఫోన్లో ఓ సందేశం. ‘మీ సర్వీసు రాత్రి 1.20కి విజయవంతంగా పూర్తయింది. మాకు ఎన్ని స్టార్లు ఇస్తారు?’

డబ్బులు వెనక్కివ్వమంటే ‘సర్వీసు పూర్తయినట్టు రికార్డులో ఉంది సర్’ అన్నదే జవాబు.

పైన చెప్పింది ఊహే. కానీ ఇలాంటిది కార్లున్న ఏ ఇంటికైనా ఎదురుకావచ్చు. అప్పుడేం చేయాలో తెలుసుకోవాలంటే, ముందు ఆ ఫోన్ వెనక ఏం జరుగుతుందో తెలియాలి.

ఫోన్ ఒకచోట... మెకానిక్ ఒకచోట!

మనం ఫోన్ చేసేది కాల్‌సెంటర్‌కి. అది ఏ ఊళ్లో ఉంటుందో మనకి తెలియదు. అక్కడివాళ్లు మన ఫిర్యాదుకో నంబరిచ్చి, మనకి దగ్గర్లో ఉన్న మెకానిక్‌కో టోయింగ్ బండి యజమానికో పని అప్పజెబుతారు. అతను సాధారణంగా కంపెనీ ఉద్యోగి కాదు. పనికింత అని ఒప్పందం చేసుకున్న స్థానికుడు. పని పూర్తయినట్టు రికార్డులోకి ఎక్కితేనే అతనికి డబ్బు.

చిక్కంతా ఇక్కడే. కాల్‌సెంటర్‌కి దారిలో ఏం జరిగిందో కనిపించదు. కంప్యూటర్లో ‘పూర్తయింది’ అని ఉంటే పూర్తయినట్టే. మెకానిక్ బద్ధకించినా, పొరపాటున నొక్కినా, కావాలని రాసినా... నష్టం మనకే. రెండు రకాలుగా! డబ్బు పోవడం ఒకటి. ఇలాంటి చాలా ప్యాకేజీల్లో ఏడాదికి ఇన్నిసార్లే సాయం అని లెక్క ఉంటుంది. రాని సర్వీసు కూడా ఆ లెక్కలో ఒకటి తగ్గిపోవడం రెండోది. దీన్ని చాలామంది గమనించరు. డబ్బు అడిగేటప్పుడే ‘నా లెక్క కూడా సరిచేయండి’ అని అడగాలి.

ఒక్కోసారి న్యాయం అవతలివైపూ ఉండొచ్చు. మెకానిక్ చెప్పిన సమయానికే బయల్దేరి, పాతిక కిలోమీటర్లు వచ్చాక మనం వద్దంటే అతని పెట్రోలు దండగే. అలాంటప్పుడు కొంత రుసుము తీసుకుంటామని షరతుల్లో రాసుంటే కట్టాల్సి రావచ్చు. కానీ చెప్పిన గడువు దాటిపోయాక మనం రద్దు చేస్తే సంగతి వేరు. అందుకే ‘ఎన్ని నిమిషాల్లో వస్తామన్నారు, ఎప్పుడు రద్దు చేశారు’ అన్న రెండు సమయాలే ఈ తగవుకి ప్రాణం.

జరగనిదాన్ని నిరూపించేదెలా?

‘మెకానిక్ రాలేదు’ అని నిరూపించడం కష్టమే. రానివాడికి ఫొటో తీయలేం కదా! కానీ ఆ సమయానికి మనం ఇంకెక్కడో ఉన్నామని చూపించడం తేలిక. పై కథలో కుటుంబం రాత్రి 12.50కి చిల్లకల్లు టోల్‌గేట్ దాటిందనుకోండి. ఫాస్టాగ్ నుంచి డబ్బు తగ్గినట్టు సందేశం వచ్చే ఉంటుంది. 12.50కి జగ్గయ్యపేట దగ్గరున్న కారుకి 1.20కి సూర్యాపేట దగ్గర బ్యాటరీ ఎలా బాగుచేశారు? ఈ ఒక్క ప్రశ్న చాలు.

ఇలాంటి సాక్ష్యాలు మన ఫోన్లోనే బోలెడుంటాయి. ఎవరికి ఎప్పుడు ఫోన్ చేశామో చెప్పే కాల్ లిస్టు, ఫిర్యాదు నంబరుతో వచ్చిన సందేశం, మ్యాపుల్లో మన ప్రయాణం తాలూకు వివరాలు, పెట్రోలు బంకు రసీదు, బండి బాగుచేసిన వేరే మెకానిక్ బిల్లు... అన్నీ సాక్ష్యాలే. వాటిని వెంటనే స్క్రీన్‌షాట్లు తీసి దాచుకోవాలి. బండి ఆగిన చోట డ్యాష్‌బోర్డుతో సహా ఓ ఫొటో తీసుకోవడం మంచిది. రద్దు చేసేటప్పుడు నోటిమాటతో సరిపెట్టొద్దు. ‘11.50 వరకూ ఎవరూ రాలేదు. రద్దు చేస్తున్నాం’ అని ఓ మెసేజ్ పెడితే అదే రేపు పెద్ద ఆధారం.

ఇక రెండో అస్త్రం... ఎదురు అడగడం. వచ్చామంటున్నది వాళ్లు. కాబట్టి వచ్చినట్టు చూపించాల్సిందీ వాళ్లే. ‘జాబ్ షీటు మీద మా సంతకం ఉందా? మా ఫోన్‌కి పంపిన ఓటీపీ ఏది? పని చేసిన ఫొటో ఉందా? వచ్చిన బండి నంబరెంత?’ అని రాతపూర్వకంగా అడగాలి. జీఎస్టీ బిల్లు కూడా అడగాలి. ఏ సేవకి ఎంత తీసుకున్నారో అందులో రాయక తప్పదు. అందించిన సేవకి బిల్లు ఇవ్వకపోవడం వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతే.

ఫిర్యాదు నాలుగు ముక్కల్లో...

కోపంతో రాసిన రెండు పేజీల ఉత్తరం కంటే తేదీలతో రాసిన నాలుగు వాక్యాలు బాగా పనిచేస్తాయి. ఇలా రాయొచ్చు: ‘ఫలానా తేదీ రాత్రి 10.40కి ఫలానా నంబరుతో ఫిర్యాదు నమోదైంది. 45 నిమిషాల్లో వస్తామన్నారు. 11.50 వరకూ ఎవరూ రాలేదు, అప్పుడు రద్దు చేశాం. 1.20కి పని పూర్తయిందని మీరు పంపిన సందేశం నిజం కాదు, 12.50కి మా కారు చిల్లకల్లులో ఉన్నట్టు ఫాస్టాగ్ రసీదు జతచేశాం. మా 1,770 రూపాయలు 15 రోజుల్లో తిరిగివ్వండి, మా ఖాతాలో తగ్గించిన సర్వీసుని మళ్లీ కలపండి.’

దీన్ని కంపెనీ ఫిర్యాదుల విభాగానికి ఈమెయిల్లో పంపాలి. ఫోన్లో ఎంతసేపు మాట్లాడినా చివరికి నిలబడేది రాత ఒక్కటే.

డబ్బు ఎలా కట్టారు?

క్రెడిట్ లేదా డెబిట్ కార్డుతో కట్టి ఉంటే బ్యాంకుని ఆశ్రయించొచ్చు. ‘డబ్బు తీసుకుని సేవ అందించలేదు’ అని ఫిర్యాదు చేస్తే బ్యాంకు ఆ సొమ్ముని వెనక్కి రాబట్టే ప్రయత్నం చేస్తుంది. దీన్నే ఛార్జ్‌బ్యాక్ అంటారు. దీనికి గడువుంటుంది. వీసా నిబంధనల్లో సాధారణంగా 120 రోజులు. అంతదాకా ఆగకుండా స్టేట్‌మెంట్ చూసిన రోజే చెప్పడం మేలు. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. యూపీఐలో నేరుగా మెకానిక్ నంబరుకి పంపిస్తే మాత్రం రాబట్టడం అంత సులువు కాదు. రోడ్డు మీద డబ్బు కట్టాల్సి వస్తే కంపెనీ పేరుతో ఉన్న ఖాతాకే కట్టమనేది అందుకే.

ఇంకో ప్రమాదమూ ఉంది. కంగారులో ఇంటర్నెట్లో వెతికితే కనిపించే కస్టమర్‌కేర్ నంబర్లన్నీ అసలువి కావు. డబ్బు కట్టించుకుని ఫోన్ ఆపేసే మోసగాళ్లూ ఉంటారు. అలా జరిగితే అది సేవాలోపం కాదు, సైబర్ నేరం. వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

ఎవరి గడప తొక్కాలి?

ముందు ఆ ప్యాకేజీని అమ్మిందెవరో పాలసీ కాగితంలో చూసుకోవాలి. వాహన బీమాతో పాటు అదనపు రక్షణగా తీసుకుంటే, బాధ్యత బీమా కంపెనీది. ‘మేం వేరే సంస్థకి అప్పగించాం’ అని తప్పించుకోవడానికి లేదు. మనం ప్రీమియం కట్టింది బీమా కంపెనీకే కదా. వాళ్లు పట్టించుకోకపోతే ఐఆర్‌డీఏఐ ‘బీమా భరోసా’ పోర్టల్లో ఫిర్యాదు చేయొచ్చు. నెల రోజుల్లో పరిష్కారం దొరక్కపోతే బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. తెలుగు రాష్ట్రాలవాళ్లకి ఈ కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. రుసుము లేదు, లాయరు అవసరం లేదు.

షోరూమ్‌లోనో, కార్ల కంపెనీ ద్వారానో తీసుకున్న సభ్యత్వమైతే అది బీమా కాదు. అప్పుడు మొదటి మెట్టు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. నంబరు 1915. తెలుగులోనూ మాట్లాడొచ్చు. వాళ్లు ఆదేశాలు ఇవ్వలేరు కానీ ఫిర్యాదుని కంపెనీకి పంపి జవాబు అడుగుతారు. చిన్న మొత్తాలకి కోర్టు దాకా వెళ్లకుండా తేల్చుకునే మార్గం ఇది.

అక్కడా కుదరకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2020 జులైలో అమల్లోకి వచ్చిన 2019 నాటి చట్టం ఇక్కడ మనకో గొప్ప వెసులుబాటు ఇచ్చింది. కంపెనీ ముంబయిలో ఉన్నా ఢిల్లీలో ఉన్నా సరే, మనం ఉంటున్న జిల్లాలోనే కేసు వేయొచ్చు. కట్టిన మొత్తం అయిదు లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. మన కేసు మనమే చెప్పుకోవచ్చు. సంఘటన జరిగిన రెండేళ్లలోపు వేయాలి. 2025 జనవరి నుంచి ‘ఈ-జాగృతి’ పోర్టల్ ద్వారా ఇంట్లో కూర్చునే దాఖలు చేసుకునే వీలొచ్చింది. సొమ్ముతో పాటు పడ్డ ఇబ్బందికి పరిహారం, ఖర్చులు కూడా కోరొచ్చు. కేసులు కొన్నిసార్లు చట్టం చెప్పిన గడువు కంటే ఆలస్యమవుతాయి, నిజమే. కానీ నోటీసు అందాక రాజీకి వచ్చే కంపెనీలూ ఉంటాయి.

అసలు ఆ ప్యాకేజీ మీరు అడిగే తీసుకున్నారా? ఆన్‌లైన్లో బీమా కొనేటప్పుడు మనకి తెలియకుండానే టిక్కు పెట్టి కలిపేయడం కూడా నిషిద్ధమే. 2023 నవంబరులో కేంద్రం ఇలాంటి 13 రకాల మాయల్ని గుర్తించి మార్గదర్శకాలు ఇచ్చింది. అడగకుండా బుట్టలో వస్తువు పడేయడం వాటిలో ఒకటి.

బయల్దేరే ముందు...

* సాయం నంబర్ని ఇప్పుడే ఫోన్లో దాచుకోండి. బండి ఆగాక వెతకొద్దు.
* పరిధి ఎన్ని కిలోమీటర్లు, ఏడాదికి ఎన్నిసార్లు, రద్దు చేస్తే ఎంత... ఈ మూడూ చదవండి.
* జాతీయ రహదారి మీద ఇబ్బంది వస్తే 1033కి ఫోన్ చేయొచ్చు. టోల్ రోడ్ల మీద గస్తీ వాహనం, అంబులెన్స్, క్రేన్ అందుబాటులో ఉంచాలి.
* పని చూడకుండా ఓటీపీ చెప్పొద్దు, ఖాళీ కాగితం మీద సంతకం చేయొద్దు.
* కారులో ఓ జత జంపర్ కేబుళ్లు ఉంచండి.

‘పదిహేడు వందల కోసం ఇంత రాద్ధాంతమా’ అనిపించొచ్చు. కానీ అర్ధరాత్రి చీకట్లో పిల్లల్నీ పెద్దావిడనీ పెట్టుకుని గంటకి పైగా ఎదురుచూసిన కుటుంబానికి అది పదిహేడు వందల లెక్క కాదు. రాకుండానే డబ్బులు వచ్చేస్తుంటే, రేపు ఇంకెవరికో బండి ఆగినప్పుడు మాత్రం మెకానిక్ ఎందుకొస్తాడు? అడిగేవాళ్లుంటేనే వస్తాడు.

అన్నట్టు, ఆ రాత్రి నిజంగా బండి స్టార్ట్ చేసిపెట్టిన లారీ డ్రైవర్‌కి డబ్బులివ్వబోతే ఏమంటాడు? ‘టీ ఇప్పించండి సార్, చాలు’ అంటాడు.